బేస్ గిటార్: సరదాగా వాయించుకునేవాళ్ళు తరచుగా అడిగే ప్రశ్నలు

నేను సంగీతం మీద బతికేవాణ్ణి కాదు. విశాఖలో బ్యాంకు ఉద్యోగం, సాయంత్రాలూ ఆదివారాలూ బేస్. కొత్తగా కొన్నవాళ్ళు, కొనాలా వద్దా అని ఊగిసలాడుతున్నవాళ్ళు నన్ను అడిగే ప్రశ్నలు ఏళ్ళుగా ఇవే. ఇంకో బేస్ కొంటే సమస్య తీరుతుందా అని అడగబోతున్నవాళ్ళకు ముందే చెప్తున్నా: చాలాసార్లు తీరదు. నేను కొని చూశాను.

మామూలు గిటార్‌లోంచి రెండు సన్న తీగలు తీసేస్తే బేస్ అయిపోదా?

అవదు. తీగల పేర్లు అవే: ఇ, ఎ, డి, జి. కానీ ఒక్కోటీ గిటార్‌లో అదే పేరున్న తీగ కంటే ఒక స్థాయి (అంటే స నుంచి పై స దాకా ఉండే దూరం) కింద పలుకుతుంది. లావు తీగ 'ఇ' సెకనుకు 41 సార్లు కంపిస్తుంది, దాని పక్కది 'ఎ' 55 సార్లు. అంత నెమ్మదిగా ఊగాలంటే తీగ లావుగానూ ఉండాలి, పొడుగ్గానూ ఉండాలి. అందుకే నట్ (నెక్ చివర తీగలు ఆనే పట్టీ) నుంచి బ్రిడ్జ్ (బాడీ మీద తీగలు ఆనే చోటు) దాకా మామూలుగా 34 అంగుళాలు. ఎలక్ట్రిక్ గిటార్‌లో అది 25 అంగుళాలకు అటూ ఇటూ.

ఎలక్ట్రిక్ బేస్ రాకముందు బ్యాండ్లలో మనిషంత ఎత్తుండే డబుల్ బేస్ ఉండేది. దానికి మెట్లు (నెక్ మీద అడ్డంగా ఉండే లోహపు కడ్డీలు, అంటే ఫ్రెట్‌లు) ఉండవు, చెవి మీదే ఆధారపడి వాయించాలి. 1951లో లియో ఫెండర్ మెట్లు పెట్టి, మెడలో వేసుకునేలా చేసి 'ప్రిసిషన్ బేస్' అని అమ్మాడు. వేలు పెట్టినచోట స్వరం కచ్చితంగా పలుకుతుందనే ఆ పేరు. 1960లో 'జాజ్ బేస్' వచ్చింది. ఇవాళ షాపులో వేలాడే బేస్‌లలో చాలావాటికి ఈ రెండిట్లో ఏదో ఒకదాని పోలికలుంటాయి. 1930ల్లోనే సియాటిల్‌లో పాల్ టట్‌మార్క్ ఇలాంటిదే చేసి అమ్మాడు గానీ, అప్పట్లో జనం పట్టించుకోలేదు.

ముందు గిటార్ నేర్చుకుని తర్వాత బేస్‌కి రావాలా?

అక్కర్లేదు. గిటార్ వచ్చినవాళ్ళకి మెట్లు ఎక్కడున్నాయో తెలుస్తుంది, అంతవరకే లాభం. ఆ తర్వాత ఎక్కువ స్వరాలు వాయించే అలవాటు మానుకోవడానికి వాళ్ళకి ఒక ఏడాది పడుతుంది.

మొదటి బేస్‌కి ఎంత పెట్టాలి?

కొత్తదైతే 15 నుంచి 25 వేల రూపాయల మధ్య యమహా, ఐబనెజ్, కోర్ట్, స్క్వైర్ లాంటి కంపెనీలవి పనికొచ్చేవి దొరుకుతాయి. అంతకంటే చవకవాటితో వచ్చే చిక్కు శబ్దం కాదు, శ్రుతి నిలవకపోవడం. శ్రుతి నిలవని వాయిద్యంతో నేర్చుకునేవాళ్ళు తప్పంతా తమదే అనుకుని మూడో నెలకల్లా అటక మీద పెట్టేస్తారు.

సెకండ్ హ్యాండ్ అయితే నాలుగు సంగతులు చూడండి. బాడీ వైపు నుంచి నెక్ పొడుగునా ఒంటికన్నుతో చూస్తే మెలి తిరిగి కనిపించకూడదు. ప్రతి తీగ మీద ప్రతి మెట్టూ వాయించాలి, మూగబోయిన చోటు ఉందేమో చూడాలి. నాబ్‌లు తిప్పినప్పుడు కరకరమంటే భయపడక్కర్లేదు, అది దుమ్ము. చివరిది అందరూ మరిచిపోతారు: ట్రస్ రాడ్ (నెక్ లోపల ఉండి దాని వంపు సరిచేసే కడ్డీ) చివరి నట్‌కి సరిపడే అలెన్ కీ పెట్టి చూడండి. నట్ లోపలి అంచులు అరిగి కీ గిరగిరా తిరిగిపోతుంటే, బేరం ఎంత బాగున్నా దండం పెట్టి వచ్చేయండి.

నాలుగు తీగలదా, అయిదు తీగలదా?

నాలుగు. అయిదో తీగ 'బి' సెకనుకు 31 సార్లు కంపిస్తుంది. చిన్న స్పీకర్లో అది వినపడదు, ఏదో కదిలినట్టు తెలుస్తుందంతే. చర్చిలో వాయించేవాళ్ళకీ, గాయకుల కోసం ప్రతి పాటకీ శ్రుతి మార్చే ఆర్కెస్ట్రా వాళ్ళకీ అయిదు తీగలు నిజంగా పనికొస్తాయి. మిగతావాళ్ళకి అది బొటనవేలు ఆనించుకునే చోటు.

నా చేతులు చిన్నవి. బేస్ నావల్ల అవుతుందా?

అవుతుంది. మొదటి అయిదు మెట్ల దగ్గర 'మెట్టుకో వేలు' అని పట్టుబట్టకండి. డబుల్ బేస్ వాళ్ళ పద్ధతి ఉంది: చూపుడువేలు, మధ్యవేలు, చిటికెనవేలు. ఉంగరంవేలు చిటికెనవేలికి తోడుగా నొక్కుతుంది. మూడు మెట్లే పట్టుకుని, చేతిని జరుపుకుంటూ పోవాలి. అయినా కష్టమైతే 30 అంగుళాల షార్ట్ స్కేల్ బేస్‌లు ఉన్నాయి, అవి పిల్లల బొమ్మలేమీ కావు. మణికట్టు నొప్పెడితే మాత్రం ఓర్చుకోవద్దు. స్ట్రాప్ రెండు రంధ్రాలు పైకి జరపండి. మోకాళ్ళ దగ్గర వేలాడేసుకుని వాయించడం ఫోటోల కోసం.

గిటార్ యాంప్‌లో (శబ్దం పెంచే యాంప్లిఫయర్ పెట్టెలో) పెట్టి వాయించొచ్చా?

తక్కువ వాల్యూమ్‌లో అయితే పరవాలేదు. పెంచితే ఆ స్పీకర్ కోన్ చిరిగిపోవచ్చు. ఇంట్లో నేర్చుకోవడానికి యాంపే అక్కర్లేదు, చిన్న హెడ్‌ఫోన్ యాంప్ గానీ, కంప్యూటర్‌కి ఆడియో ఇంటర్‌ఫేస్ గానీ చాలు. అపార్ట్‌మెంట్లో ఉంటే అదే మర్యాద కూడా. కింది స్వరాలు గోడల్ని లెక్కచేయవు. మా వంటింట్లో స్టీలు కంచాల స్టాండ్ ఒకటుంది. నేను 'ఎ' తీగని ఏ మెట్టూ నొక్కకుండా మోగిస్తే అందులో మూడో కంచం గుయ్యిమంటూ వంత పాడుతుంది. మిగతా కంచాలు చలించవు. "నీ బేస్‌కి నా కంచంతో ఏంటి పేచీ?" అని మా అమ్మ అడిగేది. ఆ కంచం సొంత కంపనం ఆ స్వరానికి సరిపోయిందమ్మా అంటే, అయితే స్వరం మార్చుకోమంది.

వేళ్ళతో వాయించాలా, పిక్‌తోనా?

రెండూ. పిక్ (తీగ మీటే చిన్న బిళ్ళ) వాడితే బేస్ వాద్యకారులు కారనే మాట ఒకటి తిరుగుతుంటుంది. లాస్ ఏంజెలెస్‌లో లెక్కలేనన్ని రికార్డింగులకు బేస్ వాయించిన కరోల్ కే వాడింది పిక్కే.

ఏ పాటలతో మొదలుపెట్టాలి? కార్డ్స్ అన్నీ నేర్చుకోవాలా?

మనవాళ్ళకి ఒక వెసులుబాటు ఉంది. స, ప అంటే ఏమిటో చిన్నప్పుడే చెవిన పడి ఉంటుంది. బేస్‌లో సగం సంగతి అదే. ఏ స్వరాన్నయినా స అనుకోండి. దాని కింది తీగ మీద (అంటే సన్న తీగ వైపు) రెండు మెట్లు ముందుకెళ్తే ప. ఇంకో తీగ దాటి అదే మెట్టు మీద పై స. ఈ ఆకారం నెక్ మీద ఎక్కడికి జరిపినా మారదు. గాయని ఒకటిన్నర శ్రుతి అంటే సి షార్ప్, అయిదు శ్రుతి అంటే జి. చేతిని జరపడమే, కొత్తగా నేర్చుకునేదేమీ లేదు.

పాటలో కార్డ్ (కలిపి మోగించే స్వరాల గుంపు) మారినప్పుడల్లా దాని స పట్టుకోండి. నెల రోజులు అంతే వాయించండి. విసుగు పుడుతుంది, పుట్టనివ్వండి. ఆ తర్వాత ప కలపండి, ఆపైన ఒక స నుంచి ఇంకో స కి నడిచే దారిలో స్వరాలు. మోహనం వచ్చిన వాళ్ళకి మేజర్ పెంటటానిక్ వచ్చినట్టే, శంకరాభరణం వస్తే మేజర్ స్కేల్ వచ్చినట్టే. వీణ నేర్చుకున్న ఒకావిడ మా దగ్గర నెల తిరక్కుండా పాటలకు వాయించింది. ఆవిడకి కష్టమైంది ఒక్కటే: బేస్ తీగని పక్కకి లాగి గమకం పలికించబోతే వేలి చర్మం లేచింది.

నేను సరిగ్గానే నొక్కుతున్నా, బ్యాండ్‌లో బురదబురదగా వినిపిస్తోంది. యాంప్ మార్చాలా?

యాంప్ జోలికి వెళ్ళకండి. మీరు వాయించని తీగలు మోగుతున్నాయి. 'జి' తీగ మీటినప్పుడు 'ఇ', 'ఎ' తీగలు తమంతట తాము సన్నగా కదులుతాయి, మా కంచం లాగే. ఒక్కరే వాయించుకుంటున్నప్పుడు అది గంభీరంగా, కమ్మగా వినిపించి మోసం చేస్తుంది. డ్రమ్స్, కీబోర్డు కలిశాక అదంతా బురద.

మందు చేతుల్లోనే ఉంది. కుడి బొటనవేలిని పికప్ (తీగల కింద ఉండి వాటి కంపనాన్ని అందుకునే అయస్కాంతపు ముక్క) మీద పాతెయ్యకుండా, సన్న తీగల మీదికి వెళ్ళినప్పుడల్లా వెంట జరపండి. అది 'ఇ' తీగ మీద వాలి ఉంటుంది, తర్వాత 'ఎ' మీద. మీటిన వేలు పక్క తీగ మీద ఆగితే ఆ తీగా నిశ్శబ్దం. ఎడమ చేతిలో పనిలేని వేళ్ళు సన్న తీగల మీద తేలిగ్గా పడుకోవాలి, నొక్కకూడదు. చిన్న పరీక్ష: ఒక స్వరం వాయించి, ఎడమ వేలిని మెట్టు మీద నుంచి ఎత్తకుండా పట్టు మాత్రం సడలించండి. టక్కున ఆగిపోవాలి. గుయ్‌మని ఏదైనా మిగిలితే ఆ తీగ ఏదో వెతకండి. నాకు ఇది చేతికి రావడానికి ఎనిమిది నెలలు పట్టింది. ఆలోపు నేను ఒక పెడల్, ఒక కొత్త పికప్ కొన్నాను. రెండూ ఇంకా డబ్బాలోనే ఉన్నాయి.

ఇంకో అనుమానితుడు మీ కీబోర్డు మిత్రుడు. మన ఆర్కెస్ట్రాల్లో బేస్ వాయించేవాళ్ళు లేని రోజుల నుంచీ కీబోర్డు ఎడమచెయ్యే బేస్ చూసుకునేది. మీరు వచ్చినా ఆ చెయ్యి ఊరుకోదు. "అన్నా, ఎడమచెయ్యి కొంచెం పైకి జరుపు" అని బతిమాలండి.

శ్రుతి ఎలా చేసుకోవాలి? క్లిప్ ట్యూనర్ 'ఇ' తీగని పట్టుకోవట్లేదు.

12వ మెట్టు మీద, సరిగ్గా లోహపు కడ్డీ పైన, వేలు తాకీ తాకనట్టు పెట్టి మీటండి. ఒక స్థాయి పైన పలికే హార్మోనిక్ వస్తుంది, దాన్ని ట్యూనర్ చప్పున పట్టుకుంటుంది. ఎప్పుడూ కింది నుంచి పైకి బిగిస్తూ శ్రుతికి రండి. దాటిపోతే దించి మళ్ళీ ఎక్కించండి. పై నుంచి దించి ఆపేస్తే తీగ కాసేపటికి ఇంకాస్త జారుతుంది.

తీగలు ఎన్నాళ్ళకి మార్చాలి?

ఇందులో శాస్త్రం తక్కువ, అభిరుచి ఎక్కువ. అమెరికాలో మోటౌన్ అనే కంపెనీ రికార్డుల్లో బేస్ వాయించిన జేమ్స్ జేమర్సన్ తీగలు తెగితేనే మార్చేవాడు. ఆయనవి ఫ్లాట్‌వౌండ్, అంటే పైన చుట్టిన తీగ చదునుగా ఉంటుంది, శబ్దం మెత్తగా దుముకుతుంది. రౌండ్‌వౌండ్ తీగలు కొత్తలో గలగలమంటాయి. చెమటా, చర్మం జిడ్డూ చుట్ల సందుల్లోకి దిగేకొద్దీ మూగబోతాయి. మాలాగా సముద్రపు గాలి తగిలే ఊళ్ళో మరీ త్వరగా. వాయించాక పొడిగుడ్డతో తీగ కింద కూడా తుడిస్తే ఆయుష్షు పెరుగుతుంది. సెట్టు రెండు వేల పైమాటే కాబట్టి ఆ నిమిషం వృథా కాదు.

తీగల్ని మరిగే నీళ్ళలో పది నిమిషాలు ఉడకబెడితే మళ్ళీ మోగుతాయనేది నిజమే, జిడ్డు వదులుతుంది. ఆ మెరుపు కొద్ది రోజులే ఉంటుంది. పూర్తిగా ఆరబెట్టాలి, వంటకి వాడే గిన్నె మాత్రం వద్దు.

మార్చేటప్పుడు ఒక్కొక్కటే మార్చండి. నాలుగు తీగలూ కలిసి నెక్‌ని 70, 80 కిలోల బరువుతో లాగుతుంటాయి, అన్నీ ఒకేసారి విప్పితే నెక్ వెనక్కి పోతుంది. కొత్త తీగని సరిపడా పొడుగు కొలుచుకుని, కత్తిరించే చోట ముందు లంబకోణంలో వంచి, ఆ వంపు దాటాక కత్తిరించండి. వంచకుండా కోస్తే చుట్టు వదులై తీగ మొత్తం మొద్దుబారుతుంది. కొలతలు 45, 65, 85, 105 అని రాసి ఉంటాయి, ఇవి అంగుళంలో వెయ్యోవంతులు. నచ్చిన కొలత దొరికాక దాన్ని మార్చకండి. లావు మారితే నెక్ వంపు మారుతుంది, మళ్ళీ అంతా సరిచేసుకోవాలి.

తీగ బర్ర్‌మంటోంది. ఏం తిప్పాలి?

ముందు ఏదీ తిప్పకండి, ఎక్కడ బర్ర్‌మంటోందో వినండి.

ఈ మాట ఎందుకు అంటున్నానో చెప్తాను. ఒక ఎండాకాలం నా బేస్ మొదటి మూడు మెట్ల దగ్గర బర్ర్‌మనడం మొదలుపెట్టింది. ట్రస్ రాడ్ బిగించాలని ఎక్కడో విని, అలెన్ కీ పెట్టి సగం చుట్టు బిగించాను. ఎక్కువైంది. ఇంకా బిగించాలేమో అనుకుని ఇంకో సగం తిప్పాను. 'ఇ' తీగ మొదటి మెట్టుకి అతుక్కుని పలకడం మానేసింది. రిపేర్ షాపుకి పట్టుకెళ్తే అక్కడి పెద్దాయన తీగల కింద చూసి నవ్వాడు. "నెక్ ఇంట్లో ఏసీకి ఎండి అప్పటికే నిటారుగా అయిపోయిందయ్యా. నువ్వు దాన్ని వెనక్కి విరిచావు" అన్నాడు.

నెక్ అసలు నిటారుగా ఉండకూడదు, తీగ ఊగడానికి చోటుండేలా ముందుకు ఇసుమంత వంగి ఉండాలి. చూసే పద్ధతి ఇది: శ్రుతి చేసి, వాయించే భంగిమలో పట్టుకుని, 'ఇ' తీగని మొదటి మెట్టు దగ్గరా, నెక్ బాడీలో కలిసే మెట్టు దగ్గరా ఒకేసారి నొక్కండి. ఇప్పుడు 7, 8 మెట్ల దగ్గర తీగకీ మెట్టుకీ మధ్య 0.3 మిల్లీమీటర్లు, అంటే ఒక విజిటింగ్ కార్డు మందం, సందు ఉండాలి. అసలు లేకపోతే నెక్ మరీ నిటారు: ట్రస్ రాడ్‌ని గడియారానికి ఎదురుగా తిప్పి వదులు చెయ్యాలి. రెండు మూడు కార్డులు పడితే వంపు ఎక్కువ: గడియారం దిశలో బిగించాలి. పావు చుట్టు తిప్పి, మళ్ళీ శ్రుతి చేసి, ఒక రాత్రి ఆగండి. చెక్క తాపీగా కదులుతుంది. గట్టిగా ఉండి తిరగకపోతే బలం చూపించొద్దు, షాపుకే.

వంపు సరిగా ఉన్నాక తీగల ఎత్తు బ్రిడ్జ్ మీది శాడిల్ (ఒక్కో తీగ ఆనే చిన్న ముక్క) స్క్రూలతో సరిచేసుకోవాలి. 17వ మెట్టు దగ్గర 'ఇ' తీగ కింద 2.4 మిల్లీమీటర్లు, 'జి' కింద 2 అనేవి మంచి మొదలు. స్థూలంగా గుర్తు పెట్టుకోండి: మొదటి అయిదు మెట్లలో బర్ర్‌మంటే వంపు చూడాలి. 12 దాటాక బర్ర్‌మంటే ఎత్తు చూడాలి. ఒకే ఒక్క మెట్టు దగ్గరైతే ఆ మెట్టు లేచింది, దాన్ని నిపుణుడే సరిచేయాలి. యాంప్‌లో వినిపించని బర్ర్‌ని పట్టించుకోకండి.

వానాకాలంలోనూ, ఏసీ మొదలెట్టినప్పుడూ ఒకసారి చూసుకుంటే చాలు. మాలాంటి తీరప్రాంతం వాళ్ళు శాడిల్ స్క్రూలకి చుక్క మిషన్ ఆయిల్ పెట్టుకోవాలి, లేకపోతే తుప్పు పట్టి అవసరానికి తిరగవు.

12వ మెట్టు దగ్గర స్వరం పక్కకి పోతోంది.

తీగ పాతదైతే ముందు మార్చండి. తర్వాత 12 మీద హార్మోనిక్, అదే మెట్టు మీద నొక్కిన స్వరం, రెండూ ట్యూనర్‌లో పోల్చండి. నొక్కిన స్వరం ఎక్కువైతే శాడిల్‌ని వెనక్కి, తక్కువైతే ముందుకి.

హమ్ వస్తోంది. ఒక్కోసారి షాక్ కూడా.

ఇవి రెండు వేర్వేరు సంగతులు. తీగల్ని తాకితే హమ్ (యాంప్‌లోంచి వచ్చే గుయ్యిమనే రొద) తగ్గుతోందా? అది మామూలే. జాజ్ బేస్‌లో రెండు పికప్‌ల వాల్యూమూ సమానంగా పెడితే ఒకదాని హమ్ ఇంకోటి కొట్టేస్తుంది. ఒకటే పెడితే తిరిగొస్తుంది. తాకితే పెరుగుతోందంటే లోపల ఎర్త్ వైర్ ఊడి ఉండొచ్చు.

షాక్ మాత్రం వాయిద్యానిది కాదు, కరెంటుది. ఒక పెళ్ళి షామియానాలో నా యాంప్ ఒక జనరేటర్ లైన్ మీద, మైకు ఇంకో లైన్ మీద ఉన్నాయి. చేతులు తీగల మీద ఉండగా కోరస్ అందుకోబోయాను, పెదవి మైకుకి తగలగానే చురుక్కుమంది. పళ్ళు జివ్వుమన్నాయి. మూడు పిన్నుల ప్లగ్గులో ఎర్త్ పిన్ను పీకేసి రెండు పిన్నుల సాకెట్లో పెట్టారని తర్వాత చూశాను. అప్పట్నుంచి మొహమాటపడను: యాంప్, మైకు ఒకే బోర్డు మీద, ఎర్తింగ్ ఉన్న సాకెట్లో పెట్టేవరకు ప్లగ్ చెయ్యను.

బ్యాటరీ ఊరికే అయిపోతోంది.

మీది యాక్టివ్ బేస్. కేబుల్ జాక్‌లో గుచ్చగానే లోపలి సర్క్యూట్ ఆన్ అవుతుంది. వాయించడం అయ్యాక కేబుల్ పీకెయ్యండి. శబ్దం గరగరమంటూ సన్నబడితే 9 వోల్టుల బ్యాటరీ అయిపోవచ్చింది. బ్యాగులో ఒకటి ఎక్స్‌ట్రా ఉంచుకోండి.

ఫ్రెట్‌బోర్డ్‌కి కొబ్బరినూనె రాయొచ్చా?

వద్దు. వంటనూనెలు పాతబడి జిగురవుతాయి. రోజ్‌వుడ్‌కి ఏడాదికి ఒకటి రెండుసార్లు ఫ్రెట్‌బోర్డ్‌ల కోసమే అమ్మే లెమన్ ఆయిల్, గుడ్డకి నాలుగు చుక్కలు. వార్నిష్ ఉన్న మేపుల్‌కి అదీ వద్దు, తడి ఆరిన గుడ్డ చాలు.

బేస్ వాళ్ళు కలిస్తే అంతగా దేని గురించి వాదించుకుంటారు?

చెక్క వల్ల శబ్దం మారుతుందా, పాత తీగలు మేలా, స్లాప్ ఎక్కువైందా. టీ చల్లారిపోతుంది, వాదన తెగదు. స్లాప్‌ని వెక్కిరించేవాళ్ళకి నేనొకటి గుర్తుచేస్తా. అమెరికన్ బేస్ వాద్యకారుడు లారీ గ్రాహమ్ తల్లితో కలిసి వాయించే రోజుల్లో వాళ్ళకి డ్రమ్మర్ లేకుండాపోయాడు. డ్రమ్ లోటు తీర్చడానికి ఆయన బొటనవేలితో తీగని కొట్టడం, వేలితో లాగి వదలడం మొదలుపెట్టాడు. అంటే అది అవసరంలోంచి వచ్చిన పద్ధతి. చెక్క సంగతికొస్తే, నా లెక్కలో తీగలు, వేలు మీటే చోటు, ఈ రెండిటి తర్వాతే మిగతావన్నీ. బ్రిడ్జ్ దగ్గర మీటి చూడండి, తర్వాత నెక్ దగ్గర. అదే బేస్, రెండు గొంతులు.

ఎవరిని వినాలి?

జేమర్సన్‌ని, ఫ్రెట్‌లెస్ (మెట్లు లేని) బేస్ కోసం జాకో పాస్టోరియస్‌ని. మన దగ్గర ఇళయరాజా పాటలు. వాటిలో బేస్ పాటకి కింద కూర్చోదు, పక్కన నడుస్తూ ఇంకో పాట పాడుతుంది. వాటిలో ఎన్నిటికో బేస్ వాయించింది శశిధరన్. రెహమాన్ పాటలకు వాయించిన కీత్ పీటర్స్, ఇప్పటివాళ్ళలో మోహినీ డే. ఫోన్ స్పీకర్లో వినకండి, అందులో బేస్ ఉండదు. హెడ్‌ఫోన్ పెట్టుకుని, పాట మొత్తం బేస్ ఒక్కదాన్నే నోటితో హమ్ చెయ్యండి. నోటికి వచ్చాక చేతికి తేలిక.

బస్సులో తీసుకెళ్ళొచ్చా?

నేను రాజమండ్రికి ఎన్నోసార్లు తీసుకెళ్ళాను. తీగలన్నీ ఒక స్వరం మేర దించండి, పూర్తిగా వదులు చేయక్కర్లేదు. డిక్కీలో పెట్టకండి, ఎండకి అందులో జిగురు కూడా కరుగుతుంది. సీటు పక్కన నిలబెట్టి, హెడ్ పైకి ఉండేలా కాళ్ళ మధ్య పట్టుకోండి. కండక్టర్ లగేజీ టికెట్ అడిగితే తీసుకోండి. అదేంటని పక్క సీటాయన తప్పకుండా అడుగుతాడు. గిటార్ అంటే నాలుగే తీగలున్నాయేంటంటాడు. తునిలో బస్సు ఆగేదాకా మాట్లాడుకోవడానికి అది చాలు.